పట్టా రాకముందే ఓపీటీ: అమెరికాలో చదువు ముగించే హైదరాబాదీలకు తేదీల లెక్క

హైదరాబాద్‌లో అమెరికా చదువు గురించి చెప్పేవారికి కొదవ లేదు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బోర్డులే బోర్డులు. ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) తెప్పించడానికీ, వీసా ఇంటర్వ్యూకు సిద్ధం చేయడానికీ, శంషాబాద్‌లో విమానం ఎక్కించడానికీ అందరూ ఉంటారు. రెండేళ్ల తర్వాత ఎంఎస్ ముగిసే వేళకు మాత్రం ఒక్కరూ కనిపించరు. అప్పుడు పిల్లలు తోటివారి వాట్సాప్ గ్రూపుల మీద ఆధారపడతారు. అందులో సగం మాటలు నిజం, సగం నాలుగేళ్ల నాటి నిజం.

ఎఫ్-1 వీసా మీద చదివినవారు చదువు తర్వాత అదే రంగంలో 12 నెలలు పనిచేయడానికి ఉన్న అనుమతి పేరు ఓపీటీ. అది వేరే వీసా కాదు. మీరు విద్యార్థిగానే కొనసాగుతారు, విశ్వవిద్యాలయమే మీ రికార్డును చూసుకుంటుంది. ఉద్యోగం వచ్చాక దీని సంగతి చూద్దామని చాలామంది అనుకుంటారు. కానీ దరఖాస్తుకు ఉద్యోగంతో పని లేదు, తేదీలతోనే పని. మంచి ఆఫర్ చేతిలో ఉండి కూడా తేదీ దాటిపోయి తిరిగి వచ్చినవారు ఉన్నారు.

ముందు ఐ-20 తీయండి

మొదటి పేజీలో ప్రోగ్రాం ఎండ్ డేట్ అని ఒక తేదీ ఉంటుంది. లెక్కంతా దానినుంచే. స్నాతకోత్సవం ఎప్పుడు, పట్టా ఎప్పుడు చేతికి వస్తుంది, అమ్మానాన్నలు ఏ రోజు దిగుతున్నారు అనేవాటికి ఈ లెక్కలో చోటు లేదు.

ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తేదీ తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ తేదీ మే 15 అనుకుందాం. ఫిబ్రవరి 14న తలుపు తెరుచుకుంటుంది, జులై 14న మూసుకుంటుంది. మే 15 దాటాక వచ్చే ఆ 60 రోజులనే గ్రేస్ పీరియడ్ అంటారు. దాన్ని సెలవులుగా భావించకండి. దరఖాస్తు చివరి రోజుల్లో చేరి, ఏదో ఒక పొరపాటుతో తిప్పి పంపితే మళ్లీ వేసుకోవడానికి రోజులు మిగలవు.

అర్హత గురించి రెండు మాటలు. కనీసం ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్‌గా చదివి ఉండాలి. పై స్థాయి చదువుకు వెళ్లిన ప్రతిసారీ కొత్తగా 12 నెలలు వస్తాయి, ఒకే స్థాయిలో రెండో ఎంఎస్ చేస్తే రావు. ఇక్కడ ఉస్మానియాలోనో జేఎన్‌టీయూలోనో చేసిన బీటెక్‌కు ఈ లెక్కతో సంబంధం లేదు. చదువుతుండగానే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి అయిన సీపీటీ మీద ఫుల్‌టైమ్‌గా 12 నెలలు లేదా అంతకు మించి పనిచేసినవారికి మాత్రం ఆ స్థాయిలో ఓపీటీ ఉండదు. చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తామనే కళాశాలల వైపు చూసేవారు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

మొదలు తేదీ ఏది పెట్టాలి?

అందరూ తికమకపడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఓపీటీ ఏ రోజు మొదలవ్వాలో మీరే కోరుకోవాలి. చదువు ముగిసిన మర్నాటి నుంచి 60వ రోజు వరకు ఏ తేదీ అయినా పెట్టుకోవచ్చు. మన ఉదాహరణలో మే 16కూ జులై 14కూ మధ్య.

దీనికి ఇంత ఆలోచన ఎందుకంటే, మొదటి 12 నెలల్లో మొత్తం కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈ లెక్క, ఆమోదం తర్వాత వచ్చే పని అనుమతి కార్డు (ఈఏడీ) మీద ముద్రించిన మొదటి తేదీ నుంచి నడుస్తుంది. శని, ఆదివారాలు, పండుగలు అన్నీ లెక్కలోకే. మే 16 పెట్టుకున్నవారికి ఆగస్టు 13తో 90 రోజులు నిండుతాయి. జులై 14 పెట్టుకున్నవారికి అక్టోబరు 11 వరకు సమయం ఉంటుంది. గ్రేస్ పీరియడ్ రోజులు ఈ 90లో కలవవు. అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి దాదాపు రెండు నెలల తేడా, కేవలం ఫారంలో రాసే ఒక తేదీ వల్ల.

అలాగని అందరూ చివరి తేదీ పెట్టుకోవడం కూడా తెలివి కాదు. జూన్ 1న చేరమని కంపెనీ అడిగితే, జులై 14 అని కార్డు మీద ఉన్నవారు ఆ రోజు దాకా పనిలో చేరలేరు. కార్డు ముందే చేతికి వచ్చినా అంతే. ఒకసారి దరఖాస్తు వేశాక ఈ తేదీని మార్పించుకోవడం కష్టం, ఆమోదం వచ్చాక దాదాపు అసాధ్యం. నా మాటేమిటంటే: ఆఫర్ కాగితం మీద ఉంటే చేరే తేదీకి వారం పది రోజుల ముందుది పెట్టండి. ఇంటర్వ్యూలు మాత్రమే నడుస్తుంటే 45 రోజులకు అటూ ఇటూ చూడండి. ఏమీ లేకపోతే సిగ్గుపడకుండా 60వ రోజుకు దగ్గరగా పెట్టుకోండి. స్నేహితుడు ఏ తేదీ పెట్టాడో మీకు అనవసరం.

దరఖాస్తు వరుస

మొదట మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ విదేశీ విద్యార్థులను చూసుకునే అధికారి (డీఎస్‌ఓ) ప్రభుత్వం ఉంచే విద్యార్థుల రికార్డు సెవిస్‌లో ఓపీటీకి సిఫార్సు నమోదు చేసి, కొత్త ఐ-20 ఇస్తారు. దాని రెండో పేజీలో ఆ సిఫార్సు కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఈ ఒక్క పనికే వారం రెండు వారాలు తీసుకుంటారు, ముందే అడిగి ఉంచుకోండి.

సిఫార్సు నమోదైన రోజు నుంచి ఇంకో గడియారం మొదలవుతుంది. 30 రోజుల్లోగా మీ పని అనుమతి దరఖాస్తు ఐ-765 అమెరికా ఇమిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. బయటి 60 రోజుల గడువు మిగిలే ఉన్నా, ఈ 30 దాటితే తిరస్కరిస్తారు. ఆ కొత్త ఐ-20 మీద మీరూ సంతకం చేసి, స్కాన్ తీసి, అదే వారంలో దరఖాస్తు పెట్టేయడం మేలు.

ఆన్‌లైన్‌లో అయితే 2024 ఏప్రిల్‌లో సవరించిన ప్రకారం ఫీజు 470 డాలర్లు, కాగితం మీద పంపితే 520. ఫీజులు మారుతుంటాయి కనుక కట్టే రోజున యూఎస్‌సీఐఎస్ సైటులో ఒకసారి చూసుకోండి. వర్గం అడిగిన చోట చదువు తర్వాతి ఓపీటీకి (సి)(3)(బి) ఎంచుకోవాలి. పక్కనే ఉండే (ఎ) చదువు మధ్యలో చేసేవారికి, (సి) కింద చెప్పబోయే స్టెమ్ పొడిగింపుకు. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు), కొత్త ఐ-20, 2 అంగుళాల చదరపు ఫోటో జతచేయాలి. గతంలో సీపీటీ చేసి ఉంటే ఆ ఐ-20లు కూడా ఇవ్వాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు ఇదే ఫారంలో అడగవచ్చు, వేరే వరుసలో నిలబడే బాధ తప్పుతుంది.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి ఉంటుంది, మరొకరి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ముద్రిస్తారు. ఐ-20లో ఒకలా, ఐ-94లో ఒకలా, ఫారంలో ఇంకోలా రాస్తే కార్డు తప్పుగా వస్తుంది. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు నుంచి జీతం దాకా అదే తలనొప్పి. దరఖాస్తుకు ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే డీఎస్‌ఓకు చెప్పి సరిచేయించుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: దరఖాస్తు వేసే సమయానికి మీరు అమెరికాలోనే ఉండాలి. పరీక్షలు అవగానే ఇంటికి వచ్చి, కూకట్‌పల్లిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో నింపి పంపే దరఖాస్తు ఇది కాదు. వేయకుండా దేశం దాటితే గ్రేస్ పీరియడ్ కూడా అక్కడితో సరి.

నిర్ణయం రావడానికి నెలలు పట్టవచ్చు. త్వరగా కావాలంటే అదనపు రుసుముతో ప్రీమియం సేవ ఉంది, 30 పనిదినాల్లో చర్య తీసుకుంటారు. తొంభై రోజుల ముందే వేసినవారికి సాధారణంగా ఆ ఖర్చు అవసరం ఉండదు. ఈఏడీ కార్డు పోస్టులో వస్తుంది. నలుగురైదుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంటులో మీ పేరు పోస్టు డబ్బా మీద లేకపోతే అది వెనక్కి పోవచ్చు. ఒక చీటీ అంటించండి. ఇల్లు మారితే యూఎస్‌సీఐఎస్ ఖాతాలోనూ, పోస్టాఫీసులోనూ చిరునామా మార్చండి.

కార్డు చేతికి వచ్చి, దాని మీది మొదటి తేదీ వచ్చేదాకా ఒక్క గంట కూడా పనిచేయకూడదు. పెట్రోలు బంకులో నగదుకు చేసే పని అసలే వద్దు. ‘అందరూ చేస్తున్నారు’ అనే వాదన అధికారుల ముందు నిలవదు.

ఉద్యోగం దొరికాక

వారానికి కనీసం 20 గంటలు, చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించిన పని అయితే అది ఉద్యోగంగా లెక్క. మొదటి 12 నెలల్లో జీతం లేని స్వచ్ఛంద పని, సొంతంగా వ్యాపారం కూడా చట్టం ప్రకారం కుదిరితే చెల్లుతాయి. ఇంటర్వ్యూల మధ్య రోజులు కరిగిపోతున్నాయనిపిస్తే, మీ ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలో వారానికి 20 గంటలు స్వచ్ఛందంగా చేస్తామని అడగండి. అది నిజమైన పని, రాతపూర్వకంగా ఉత్తరం వస్తుంది, రోజుల లెక్క ఆగుతుంది.

ఓపీటీ మొదలయ్యే రోజుల్లో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం సెవిప్ పోర్టల్ నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది. స్పామ్‌లో పడిందేమో చూడండి. యజమాని పేరు, చిరునామా, చేరిన తేదీ, మీ చదువుకూ ఆ పనికీ ఉన్న సంబంధం అందులో నమోదు చేయాలి. ఉద్యోగం మారినా, ఇల్లు మారినా 10 రోజుల్లో తెలపాలి. ఉద్యోగం చేస్తూ కూడా నమోదు చేయడం మరిచిపోతే, రికార్డులో మీరు నిరుద్యోగి కిందే లెక్క. 2025 మేలో, రికార్డులో యజమాని వివరాలు లేకుండా 90 రోజులు దాటినవారికి అమెరికా ప్రభుత్వం నుంచి హెచ్చరిక లేఖలు వెళ్లాయి.

‘మా దగ్గర చేరినట్లు చూపండి’

90 రోజుల్లో 60 గడిచేసరికి ఫోన్లు మొదలవుతాయి. చేసేది తెలుగువారే, మర్యాదగా ‘తమ్ముడూ’, ‘అమ్మా’ అని పిలుస్తారు. ఆఫర్ లెటర్ ఇస్తాం, పోర్టల్‌లో మా కంపెనీ పేరు పెట్టండి, రోజులు ఆగిపోతాయి, ప్రాజెక్టు దొరికేదాకా మా బెంచ్ మీద ఉండండి అంటారు. కొందరు దానికి మీ దగ్గరే డబ్బు అడుగుతారు. రెజ్యూమెలో నాలుగేళ్ల అనుభవం వాళ్లే రాసి పెడతారు, ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరు మాట్లాడతారు.

కన్సల్టెన్సీలన్నీ ఇలాంటివే అనడం లేదు. జీతం ఇచ్చి, పని చూపించి, పన్ను కట్టేవి ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు. జీతం ఏ తేదీ నుంచి? నా పని చూసే మేనేజర్ ఎవరు? వారానికి 20 గంటలు నేను చేసే పని ఏమిటి? ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదు ఉందా? ‘అవన్నీ తర్వాత చూద్దాం’ అన్న చోట ఫోన్ పెట్టేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఇందులో సంతకం మీది. లేని ఉద్యోగం ఉన్నట్లు చూపడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. ఇమిగ్రేషన్ చట్టంలో దాని శిక్ష ఒకటి రెండేళ్లది కాదు, జీవితాంతం ప్రవేశానికి అడ్డుపడవచ్చు. నాలుగేళ్ల తర్వాత హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దశలో జీతం చీటీలు అడిగినప్పుడు, ఆ లెటర్ ఇచ్చినవారి ఫోను పనిచేయదు. మనవాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతపడినప్పుడు తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయం అధికారులే పన్నిన వల అని బయటపడింది. అందులో చిక్కినవారిలోనూ తెలుగువారు చాలామంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ‘ఏదో ఒకటి చూసుకో, ఈఎంఐ మొదలవుతోంది’ అని ఇక్కడినుంచి అనే మాట అక్కడ పిల్లలను ఈ ఫోన్ల వైపు నెడుతుంది. విద్యా రుణాల మీద సాధారణంగా చదువు కాలానికి తోడు ఇంకో 6 నెలలు వెసులుబాటు ఉంటుంది. ఆ తేదీ బ్యాంకులో ముందే కనుక్కుని, మొదటి రెండు మూడు వాయిదాలకు ఇక్కడే ఏర్పాటు చేయగలిగితే పిల్లలకు అంతకు మించిన సాయం లేదు.

స్టెమ్ వారికి మరో 24 నెలలు

సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి 2016 నుంచి 24 నెలల పొడిగింపు ఉంది. అంతకుముందు 17 నెలలే. కోర్సు పేరును బట్టి కాదు, ఐ-20 మీద ఉండే సిఐపి కోడును (కోర్సు వర్గాన్ని తెలిపే సంఖ్య) బట్టి అర్హత. అందుకే కొన్ని ఎంబీఏలు స్టెమ్ కిందకు వస్తాయి, కొన్ని రావు. కోర్సు ఎంచుకునే దశలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కోడు అడిగి తెలుసుకోవాలి.

షరతులు ఇక్కడ బిగుసుకుంటాయి. యజమాని ఈ-వెరిఫైలో ఉండాలి, జీతం తప్పనిసరి, వారానికి 20 గంటలు తప్పనిసరి. స్వచ్ఛంద పని చెల్లదు. ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద మీరూ, యజమానీ సంతకం చేయాలి. అక్కడ రాసిన శిక్షణ ఇచ్చేది సంతకం చేసిన యజమానే కావాలి, మిమ్మల్ని పంపిన చోట ఉన్న క్లయింటు కాదు. మొదటి ఓపీటీ ముగియడానికి 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ముగిసిన తర్వాత గ్రేస్ పీరియడ్‌లో చేయడానికి వీల్లేదు. సిఫార్సు వచ్చాక 60 రోజుల్లో పంపాలి. గడువులోగా వేస్తే, నిర్ణయం రాకపోయినా 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు.

ఉద్యోగం లేని రోజుల పరిమితికి మరో 60 కలిసి మొత్తం 150 అవుతుంది. మొదటి ఏడాదిలో వాడుకున్నవి ఇందులోంచే పోతాయి. ప్రతి 6 నెలలకు వివరాలు సరైనవేనని డీఎస్‌ఓకు ధ్రువీకరించాలి, ఏడాదికోసారి స్వీయ మూల్యాంకనం ఇవ్వాలి.

మధ్యలో హెచ్-1బీ లాటరీలో పేరు వచ్చి, యజమాని గడువులోగా స్టేటస్ మార్పు కోరుతూ పిటిషన్ వేస్తే, ఓపీటీ ముగిసినా పని అనుమతి ముందుకు జరుగుతుంది. దాన్ని క్యాప్-గ్యాప్ అంటారు. 2025 జనవరి నుంచి అది అక్టోబరు 1 బదులు ఏప్రిల్ 1 వరకు వర్తిస్తోంది. అయితే ఆ పిటిషన్ పెండింగులో ఉండగా దేశం దాటితే స్టేటస్ మార్పు కోరిక వదులుకున్నట్లే.

పెళ్లికో పండక్కో హైదరాబాద్ రావాలంటే

దరఖాస్తు పెండింగులో ఉండగా ప్రయాణం నిషిద్ధం కాదు, కానీ నేనైతే కార్డు, ఉద్యోగం రెండూ వచ్చేదాకా ఆగమంటాను. తిరిగి వెళ్లేటప్పుడు ఆరు నెలలకు మించి గడువున్న పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న వీసా, ఈఏడీ కార్డు, ఉద్యోగ ధ్రువపత్రం, ఆరు నెలల లోపు డీఎస్‌ఓ సంతకం పడిన ఐ-20 ఉండాలి. ఈ చివరి సంతకాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. ఉద్యోగం లేకుండా ఇక్కడ గడిపే వారాలన్నీ ఆ 90లోకే వెళ్తాయి.

పాస్‌పోర్టులో వీసా గడువు ముగిసి ఉంటే ఇక్కడ కొత్తది వేయించుకోక తప్పదు. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరకడమే ఒక ఘట్టం. 2025 సెప్టెంబరు నుంచి విద్యార్థులకు ఇంటర్వ్యూ మినహాయింపు దాదాపు పోయింది. సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచమని కూడా అడుగుతున్నారు. ముందు చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేయాలనుకుంటే చేయండి. తిరుగు టికెట్టు మాత్రం వీసా చేతికి వచ్చాకే కొనండి. చెల్లెలి పెళ్లికి పది రోజుల సెలవుపై వచ్చి మూడు నెలలు ఇక్కడే చిక్కుకుంటే కంపెనీ ఎదురుచూడదు.

నిబంధనలు కదులుతున్న కాలమిది. విద్యార్థులు ఉండే కాలానికి నిర్ణీత గడువు పెట్టి, 60 రోజుల గ్రేస్‌ను 30కి తగ్గించాలని 2025 ఆగస్టులో ఒక ప్రతిపాదన వచ్చింది. మీరు దరఖాస్తు వేసే వారంలో ఏది అమల్లో ఉందో డీఎస్‌ఓను రాతపూర్వకంగా అడిగి, జవాబును దాచుకోండి.

జీతం చీటీలో చూడవలసినది

ఎఫ్-1 మీద వెళ్లినవారికి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. రెండూ కలిపి జీతంలో 7.65 శాతం. 2023 ఆగస్టులో వెళ్లినవారికి 2027 డిసెంబరు వరకు ఈ మినహాయింపు. చిన్న కంపెనీల పేరోల్ వారికి ఇది తెలియక కోసేస్తుంటారు. మొదటి చీటీలోనే చూసి అడగండి. ఇవ్వకపోతే ఫారం 843తో అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ నుంచి రాబట్టుకోవచ్చు.

పన్ను రిటర్నుకు ఈ అయిదేళ్లూ 1040-ఎన్‌ఆర్ ఫారం, దానితో 8843 ఫారం వేయాలి. స్థానికులు వాడే 1040 కాదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, చాలా దేశాల వారికి అది లేదు. లెక్కలు చూసేవారికి ఈ అధికరణం సంఖ్య మీరే చెప్పండి.